ఒక వారం 190, మరుసటి వారం 130: లీగ్ బౌలింగ్‌లో నిలకడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది క్రికెట్ బౌలింగ్ గురించి కాదు, పది పిన్నుల బౌలింగ్ గురించి. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు కొంతమంది పుట్టినరోజు పార్టీలకు వెళ్ళి సరదాగా ఆడి, ఆట మీద ఇష్టం పెరిగి లీగ్‌లో చేరుతున్నారు. చేరిన రెండు నెలలకు నాకు ఫోన్ చేసి దాదాపు ఒకే మాట అడుగుతారు, స్కోరు ఎందుకు ఇలా పైకీ కిందికీ పోతోందని. నేను ఏడో సీజన్ ఆడుతున్నాను, మొదటి సీజన్ అయ్యేసరికి యావరేజ్ 131, ఇప్పుడు 179. ప్రతి లీగ్‌లో నాకంటే చాలా బాగా ఆడేవాళ్ళున్నారు, కానీ 130 నుంచి 180కి వచ్చే దారిలో ఎక్కడెక్కడ గుంటలున్నాయో నాకు ఇంకా బాగా గుర్తుంది కాబట్టి రాస్తున్నాను. కుడిచేతి వాటం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎడమచేతి వాళ్ళు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

ఒక గేమ్‌లో 200 వస్తుంది, వెంటనే తర్వాత 128. అసలు నాకు ఆట వచ్చినట్టా, రానట్టా?

వచ్చినట్టే. 200 కొట్టారంటే చెయ్యి బాగానే ఉంది. కానీ లీగ్‌లో లెక్కలోకి వచ్చేది ఆ 200 కాదు, మూడు గేములు కలిపిన సిరీస్. నిలకడ అంటే మీ మంచి గేమ్‌ని ఇంకా మంచిగా చేసుకోవడం అనుకుంటారు చాలామంది. నేను చెప్పేది దానికి తిరగేసి: మీ చెడ్డ గేమ్‌ని పట్టుకోండి. ఆ 128ని 150 చేయగలిగితే 200 ఎప్పుడో ఒకసారి దానంతటదే వస్తుంది, దానికోసం ప్రత్యేకంగా పాకులాడక్కర్లేదు. ఈ పేజీలో మిగతాదంతా ఆ 128ని ఎలా లేపాలనే.

ముందు స్ట్రైకులు పెంచుకోవాలా, స్పేర్లా?

స్పేర్లు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. (స్ట్రైక్ అంటే మొదటి బాల్‌కే పది పిన్నులూ పడటం, స్పేర్ అంటే మిగిలినవి రెండో బాల్‌తో తీయడం. స్పేర్‌కి తర్వాతి ఒక బాల్, స్ట్రైక్‌కి తర్వాతి రెండు బాల్స్ పిన్నులు బోనస్‌గా కలుస్తాయి.)

కాగితం మీద లెక్క వేసి చూడండి. పది ఫ్రేముల్లోనూ మొదటి బాల్‌కి 9 పిన్నులే పడ్డాయి, ఒక్క స్ట్రైక్ కూడా లేదు. మిగిలిన ఆ ఒక్క పిన్ను ప్రతిసారీ తప్పారనుకోండి, స్కోరు 90. ప్రతిసారీ తీశారనుకోండి, చివరి అదనపు బాల్‌కి కూడా 9 పడితే, 190. రెండు గేముల్లోనూ మొదటి బాల్ ఒకటే, తేడా 100 పిన్నులు. ఒక స్పేర్ వదిలేస్తే పోయేది ఒక్క పిన్నే అనిపిస్తుంది, ఎందుకంటే స్క్రీన్ మీద 9 పక్కన చిన్న గీతే కదా కనిపించేది, కానీ తర్వాతి బాల్ బోనస్ కూడా పోతుంది కాబట్టి నిజంగా పోయేది 10 లేదా 11. అంతకుముందు స్ట్రైక్ ఉంటే దాని బోనస్‌లో కూడా ఒకటి తగ్గుతుంది. గేమ్‌కి మూడు సులువైన స్పేర్లు వదిలేవాడు 30కి పైగా పిన్నులు చేతులారా పారేసుకున్నట్టే. మీ 160కీ 130కీ మధ్య ఉన్నది సరిగ్గా అదే.

వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ పేరు వినే ఉంటారు, ప్రొఫెషనల్ బౌలర్ల పీబీఏ టూర్‌లో 47 టైటిళ్ళు గెలిచిన ఆయన. గుర్రపు నాడాలు విసిరే ఆటలో కూడా ప్రపంచ ఛాంపియన్. బౌలింగ్‌లో ఆయన బాల్ మిగతావాళ్ళంత పెద్ద వంపు తిరిగేది కాదు, గురి మాత్రం తప్పేది కాదు. కొత్తవాళ్ళు పెద్ద హుక్ (వంపు తిరిగే బాల్) వీడియోలు చూసే టైమ్‌లో సగం ఆయన ఆట చూడటానికి పెడితే బాగుంటుంది.

ఒక్క పిన్నే కదా, అయినా ఎందుకు తప్పుతోంది?

హుక్ బాల్‌తోనే స్పేర్ కూడా కొడుతున్నారు కాబట్టి. స్ట్రైక్ కోసం మీరు కొన్న రియాక్టివ్ బాల్ లేన్ చివర్లో తిరగడానికే తయారైంది. ఎంత తిరుగుతుందనేది లేన్ మీద పూసే నూనె మీద ఆధారపడుతుంది, నూనె గంట గంటకీ మారుతుంది. అంటే స్పేర్ కొట్టేటప్పుడు మీ చేతిలో లేని విషయాన్ని ఒకదాన్ని కలుపుకుంటున్నారన్నమాట. ఒక ప్లాస్టిక్ బాల్ కొనుక్కోండి. నూనె ఉన్నా లేకపోయినా దాదాపు తిన్నగా పోతుంది. నేను సొంత డబ్బుతో కొన్నవాటిలో యావరేజ్‌ని నిజంగా లేపింది ఆ బాలే.

గురి ఎంత పెద్దదో కూడా ఒకసారి ఆలోచించండి. బాల్ అడ్డం ఎనిమిదిన్నర అంగుళాలు, పిన్ను లావుగా ఉన్నచోట నాలుగు ముప్పావు. అంచులు తగిలినా చాలు పడుతుంది కాబట్టి, మధ్యలో నిలబడిన ఒక్క పిన్నుకి మీకున్న చోటు సుమారు 13 అంగుళాలు. లేన్ మొత్తం వెడల్పే నలభై ఒకటిన్నర. అంటే దాదాపు మూడో వంతు లేన్ మీదే. ఈ లెక్క తెలిశాక నాకు స్పేర్ ముందు భుజాలు బిగుసుకోవడం తగ్గింది.

ఎక్కడ నిలబడాలి అనేదానికి 3-6-9 పద్ధతి ఉంది. స్ట్రైక్ కోసం లేన్ మీద చూసే బాణం గుర్తునే చూడండి, కాళ్ళు మాత్రం జరపండి. ఎడమ వైపున్న 2వ పిన్నుకి 3 బోర్డులు (లేన్‌లోని సన్నటి చెక్క పట్టీలు) కుడికి, 4వ పిన్నుకి 6, మూలనున్న 7వ పిన్నుకి 9. మన గోళీల ఆటలో కూర్చున్న చోటు మార్చి కొట్టినట్టే. అందరికీ అంకెలు అచ్చంగా సరిపోవు, ఒకటో రెండో బోర్డులు మీరు సర్దుకోవాలి.

కుడి మూలనున్న 10వ పిన్నుకి కూడా అదేనా?

కాదు. దీనికి వేరే లైన్ పెట్టుకోండి. ఆ పిన్ను మధ్యభాగం లేన్ అంచుకి మూడు అంగుళాల లోపే ఉంటుంది, ఆ తర్వాత గట్టర్, అంటే పక్కనున్న కాలువ. 13 అంగుళాల చోటు ఇక్కడ 9కి పడిపోతుంది.

బాగా ఎడమకి, 35వ బోర్డు దాటి నిలబడతాను. నడుము, భుజాలు రెండూ 10వ పిన్ను వైపు తిప్పుకుంటాను. చూసేది నడుమనున్న నాలుగో బాణం. బాల్ దాని మీదుగా అడ్డంగా లేన్ దాటి పోతుంది. ఇందులో ఎక్కువమంది చేసే తప్పు, తిన్నగా ఫౌల్ లైన్ (బాల్ వదిలేచోట దాటకూడని గీత) వైపు నడిచి, చెయ్యి మాత్రం కుడికి తోయడం. అలా తోస్తే బాల్ గట్టర్‌లోకే. నడక కూడా పిన్ను వైపే ఉండాలి.

రెండో సీజన్‌లో మా టీమ్‌కి చివరి గేమ్ పదో ఫ్రేమ్‌లో సరిగ్గా ఇదే పిన్ను మిగిలింది, తీస్తే గెలుపు. అప్పటికి నాకు దానికంటూ ఒక లైన్ లేదు, ప్రతిసారీ అక్కడికక్కడ అంచనా వేసుకునేవాణ్ణి. బాల్ పిన్నుకి రెండు అడుగుల ముందు గట్టర్‌లో పడింది. మా కెప్టెన్ ఒక్క మాట అనలేదు, మరుసటి శనివారం పొద్దున ఇంటికొచ్చి నన్ను తీసుకెళ్ళి మూడు గేముల టైమ్‌లో ఆ ఒక్క పిన్ను మీదకే వేయించాడు. ఆ రోజు పెట్టుకున్న లైనే ఇప్పటికీ.

వేసేటప్పుడు పిన్నులను చూడాలా, బాణాలనా?

బాణాలను. ఫౌల్ లైన్ నుంచి హెడ్ పిన్ను (అన్నిటికంటే ముందున్నది) 60 అడుగుల దూరం, బాణాలు 12 నుంచి 16 అడుగుల్లోపే. దగ్గరున్నదాన్ని కొట్టడం సులువు. లేన్‌లో 39 బోర్డులుంటాయి, బాణాలు ఐదేసి బోర్డులకొకటి. తిన్నగా పోయే బాల్‌కి బాణాల దగ్గర ఒక బోర్డు తేడా వస్తే పిన్నుల దగ్గరికి వెళ్ళేసరికి అది నాలుగు బోర్డులవుతుంది. స్ట్రైక్‌కి బాల్ తగలాల్సిన చోటు పదిహేడున్నర బోర్డు అంటారు, అక్కడ రెండు బోర్డులు అటూ ఇటూ అయితేనే ఫలితం మారిపోతుంది.

బాల్ బాణం దాటేదాకా చూపు అక్కడే ఉంచండి. తర్వాత "నేను చూసినచోట పడిందా?" అని మీకు మీరే జవాబు చెప్పుకోండి. పిన్నులు ఎన్ని పడ్డాయనేది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ విడదీయడం వచ్చిన రోజున మీ ఆటలో తప్పు ఎక్కడుందో మీకే తెలియడం మొదలవుతుంది.

నేను చిన్నప్పటినుంచి క్రికెట్‌లో స్పిన్ వేసేవాణ్ణి. అది ఇక్కడ పనికొస్తుందా?

గురి, ఓపిక పనికొస్తాయి. మణికట్టు అలవాటు మాత్రం అడ్డం పడుతుంది. మనవాళ్ళలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే: వదిలే క్షణంలో లెగ్ స్పిన్ వేసినట్టు చెయ్యి బాల్ మీదికి ఎక్కించి తిప్పేయడం. అప్పుడు బాల్ బొంగరంలా ఉన్నచోటే తిరుగుతుంది, ముందుకి దొర్లదు, పిన్నులను తాకినా బలం ఉండదు. పైగా ఆ తిప్పడం ప్రతిసారీ ఒకే క్షణంలో జరగదు, స్కోరు ఊగేది అందుకే.

చెయ్యి బాల్ కిందా వెనకా ఉండాలి, బొటనవేలు ముందు బయటికి రావాలి, తర్వాత వేళ్ళు పక్కనుంచి లేపాలి. ఎవరికైనా కరచాలనం చేయడానికి చెయ్యి చాస్తే ఎలా ఉంటుందో రిలీజ్ అయ్యాక అలా ఉంటే చాలు. మొదట్లో హుక్ తగ్గిపోయినట్టు అనిపిస్తుంది, కంగారు పడకండి.

గట్టిగా విసిరితే పిన్నులు ఎక్కువ పడవా?

పడవు. బాల్ పాకెట్‌లోకి (హెడ్ పిన్నుకీ దాని కుడి పక్క పిన్నుకీ మధ్య చోటు) వచ్చే కోణం ముఖ్యం. స్క్రీన్ మీద వేగం చూపిస్తారు కదా, అది ఎంత ఉందనేది వదిలేయండి, ఎంత మారుతోందో చూడండి. ఒక బాల్ 15 మైళ్ళు, ఇంకోటి 18 అయితే ఎంత గురి ఉన్నా ఒకే చోటికి పోవు. అర మైలు తేడాలో ఉంచుకోగలిగితే చాలా బాగున్నట్టు.

నాలుగు అడుగులా, ఐదా?

ఏదైనా సరే, ఒకటే పెట్టుకోండి. నాలుగైతే కుడికాలుతో మొదలు, ఐదైతే ఎడమకాలుతో. చెయ్యి గడియారం లోలకంలా దాని బరువుతో అదే ఊగాలి, భుజంతో లాగకూడదు. లాగారా లేదా అన్నది చివర్లో తెలిసిపోతుంది: బాల్ వదిలాక ఫౌల్ లైన్ దగ్గర ఒంటికాలి మీద, బాల్ పిన్నులను తాకేదాకా కదలకుండా నిలబడగలిగితే స్వింగ్ బాగున్నట్టే. పక్కకి తూలిపోతున్నారంటే ఎక్కడో బలం వాడారు.

మొదటి గేమ్ బాగుంటుంది, మూడో గేమ్‌కి పడిపోతుంది. అలసటేనా?

కొంత అలసట. ఎక్కువ భాగం నూనె. ఇది కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు, నాకు ఏడాదిన్నర పట్టింది తెలియడానికి.

లేన్ మీద కంటికి కనిపించని నూనె పొర ఉంటుంది. మామూలు లీగుల్లో వేసే హౌస్ ప్యాటర్న్‌లో మధ్యలో మందంగా, అంచుల వైపు పలచగా, సుమారు 40 అడుగుల దాకా వేస్తారు. మిగిలిన 20 అడుగులు పొడి. నూనె మీద బాల్ జారుతుంది, పొడి తగలగానే పట్టు దొరికి తిరుగుతుంది. మొదటి గేమ్‌లో ఇది మీకు సాయం చేస్తుంది: కాస్త కుడికి పోతే పొడిలో పట్టుకుని వెనక్కి తెస్తుంది, కాస్త లోపలికి పోతే నూనె ఆపుతుంది. కానీ ఒక జత లేన్ల మీద ఎనిమిది మంది ఆడుతున్నారు, అందరి రియాక్టివ్ బాల్స్ నూనెని పీల్చుకుని పోతున్నాయి, అందులో సగం మంది రెండో బాణం మీదుగానే వేస్తున్నారు. రెండో గేమ్ మధ్యకి వచ్చేసరికి అక్కడ నూనె పలచబడుతుంది. ఇందాకటి బాలే వేశారు, బాణం కూడా తప్పలేదు, కానీ బాల్ ముందే తిరిగి హెడ్ పిన్నుని ఎదురుగా తగులుతుంది, స్ప్లిట్ (దూరం దూరంగా నిలబడిన పిన్నులు) మిగులుతుంది. మీరు "నేనేదో తప్పు చేశాను" అనుకుని చెయ్యి మారుస్తారు, వేగం పెంచుతారు. అక్కడితో గేమ్ చేజారిపోతుంది.

చెయ్యి మార్చకండి, కాళ్ళు మార్చండి. బాల్ ఎటు తప్పితే కాళ్ళు అటు జరపాలి. ఎడమకి పోతోందా, ఎడమకి జరగండి. మామూలుగా కాళ్ళు రెండు బోర్డులు, చూసే చోటు ఒక బోర్డు. ఒక్క బాల్ చూసి కాదు, మంచిగా వేసిన బాల్ రెండుసార్లు అలా పోతే జరగండి. మంచిగా వేశామా లేదా అనేది తెలియాలంటే పైన చెప్పిన బాణం ప్రశ్నకి మీ దగ్గర నిజాయితీ గల జవాబు ఉండాలి.

అలసట సంగతి: లీగ్ రోజు సాయంత్రం బిర్యానీ బఫేకి వెళ్ళి రావద్దు. ఇడ్లీయో చపాతీయో తేలికగా తిని రండి, మధ్యలో నీళ్ళు తాగండి.

ఎడమ లేన్‌లో స్ట్రైకులు పడుతున్నాయి, కుడి లేన్‌లో ఒక్కటీ లేదు. ఇదేమిటి?

లీగ్‌లో ఒక ఫ్రేమ్ ఒక లేన్‌లో, తర్వాతిది పక్క లేన్‌లో వేస్తాం కాబట్టి చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. అవి కవల పిల్లల్లాంటివి, పోలికే గానీ ఒకటి కావు. రెండింటికీ విడిగా కాళ్ళ చోటు గుర్తు పెట్టుకోండి. నేను ఫోన్‌లో "ఎ 22, కు 25" అని రాసుకుంటాను, జరిగినప్పుడల్లా అంకె మారుస్తాను. ఇంతే.

సొంత బాల్ కొనాలా? ఎంత బరువు?

లీగ్‌లో చేరితే కొనాలి. బౌలింగ్ సెంటర్ అల్మరాలో దొరికే బాల్‌కి ఈ వారం ఒక బొటనవేలి రంధ్రం, వచ్చేవారం ఇంకొకటి. బరువు 16 పౌండ్ల దాకా అనుమతిస్తారు, కానీ మూడు గేములు స్వింగ్ చెడకుండా ఆడగలిగిన బరువే మీ బరువు. నాది 14. మొదట పక్కవాళ్ళను చూసి 16 కొన్నాను, రెండో గేమ్‌కే భుజం లాగడం మొదలయ్యేది, ఆరు నెలలు ఆ బాల్‌తో నేర్చుకున్న చెడు అలవాట్లు మానడానికి ఏడాది పట్టింది.

బరువు కంటే పెద్ద విషయం అమరిక. ప్రో షాప్‌లో మీ చేతి కొలత తీసుకుని రంధ్రాలు వేస్తారు. బొటనవేలు వదులైతే బాల్ జారిపోతుందని తెలియకుండానే పిడికిలి బిగిస్తారు, బిగిస్తే స్వింగ్ పోతుంది. ఇంకో సంగతి, బొటనవేలు రోజంతా ఒకే లావు ఉండదు. చలిలో బయటినుంచి వచ్చినప్పుడు సన్నగా, మూడో గేమ్‌కి ఉబ్బి ఉంటుంది. దానికోసమే రంధ్రంలో అంటించే టేపు ముక్కలు అమ్ముతారు. ప్రాక్టీస్ బాల్స్ వేసేటప్పుడు రెండు ముక్కలు, వేడెక్కాక ఒకటి తీసేయడం, ఇలా గేమ్ మధ్యలో సర్దుకుంటూ ఉండాలి. టేపు మార్చడానికి అర నిమిషం పట్టదు, అయినా బద్ధకించి ఆ గేమంతా బిగించి పట్టుకుని ఆడేవాళ్ళను ప్రతి వారం చూస్తాను, చెప్పబుద్ధేస్తుంది.

షూస్ కూడా సొంతవా?

అవును. అద్దె షూస్ ఒకరోజు జారతాయి, ఒకరోజు పట్టేస్తాయి, చివరి అడుగు ఏమవుతుందో తెలియకపోతే కాళ్ళు భయపడతాయి. ఒక జాగ్రత్త: షూ అడుగున ఒక్క నీటి చుక్క తగిలినా అప్రోచ్ (లేన్ ముందు నడిచే చోటు) మీద కాలు టక్కున ఆగిపోతుంది, ఒళ్ళు మాత్రం ముందుకి పోతుంది. ఒకసారి బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి చూసుకోకుండా వేశాను, మోకాలి మీద పడ్డాను, మూడు వారాలు ఆట లేదు. లోపలికి బయటికి తిరిగేటప్పుడు షూ మీద కవర్లు వేసుకోండి.

బాల్‌ని శుభ్రం చేస్తే తేడా ఉంటుందా?

చాలా. ప్రతి బాల్‌కీ ముందు పొడి టవల్‌తో నూనె తుడవండి, అది కనిపిస్తుంది, వంపు వంపుగా గీతల్లా. ఇంటికి వెళ్ళేముందు క్లీనర్‌తో తుడవండి. అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ గుర్తింపు ఉన్న లీగ్ అయితే గేమ్ నడుస్తుండగా ద్రవాలు వాడకూడదు, 2019 ఆగస్టు నుంచి పొడి టవల్ మాత్రమే. నేను 50 గేములకొకసారి బాల్ పైపొర కొత్తగా చేయిస్తాను, లేకపోతే మెరుపెక్కి రియాక్షన్ మారిపోతుంది. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి, బాల్ పగిలిపోవచ్చు.

ప్రాక్టీస్‌కి వెళ్తే ఏం చేయాలి?

స్కోరు కోసం ఆడకండి. పది గేములు గబగబా ఆడి రావడం వల్ల ఉన్న తప్పే గట్టిపడుతుంది. నేను చేసేవి మూడు. మొదట ఫౌల్ లైన్ దగ్గర ఒక్క అడుగుతో పది బాల్స్, రిలీజ్ ఒక్కటే చూసుకోవడానికి. తర్వాత ఒక గేమంతా మొదటి బాల్‌కి 7వ పిన్ను లేదా 10వ పిన్ను మాత్రమే పడేలా వేయడం, మిగతావి ఏవి పడినా తప్పే. ఇది చాలా కష్టం, గురికి ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు. చివర్లో స్ట్రైక్ బాల్.

లీగ్ మొదలయ్యే ముందు ఇచ్చే ఆ పది నిమిషాల్లో కూడా అందరూ స్ట్రైకులే వేస్తుంటారు. రెండు లేన్లలోనూ ఒక్కొక్క 10వ పిన్ను, ఒక్కొక్క 7వ పిన్ను వేసుకోండి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. స్కోరు లీగ్ షీట్‌లో ఎలాగూ ఉంటుంది, మీరు రాసుకోవాల్సింది ఒక్క పిన్ను మిగిలినవి ఎన్ని, వాటిలో తీసినవి ఎన్ని. నాది మొదట్లో 11కి 5 అలా ఉండేది, ఇప్పుడు మంచి రోజు 11కి 9. నా యావరేజ్ గీత, ఆ గీత పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి.

పదో ఫ్రేమ్‌లో టెన్షన్ వస్తుంది. ఏం చేయాలి?

టెన్షన్ పోదు, దానితోనే వేయడం నేర్చుకోవాలి. ప్రతి బాల్‌కీ ఒకే వరస పెట్టుకోండి, మొదటి ఫ్రేమ్ నుంచే. నాది ఇలా: టవల్‌తో తుడుస్తాను, కుడి చెయ్యి గాలి వచ్చే చోట పెట్టి ఆరబెడతాను, ఎడమకాలు బోర్డు మీద పెట్టి అంకె మనసులో అనుకుంటాను, ఒకసారి ఊపిరి వదులుతాను, నడుస్తాను. పదో ఫ్రేమ్‌లో చేతులు వణికినా వరస అదే కాబట్టి ఒళ్ళు తనపని తాను చేసుకుపోతుంది. స్కోరు స్క్రీన్ వైపు చూడకపోవడం కూడా నాకు పనిచేసింది, అందరికీ పనిచేస్తుందని చెప్పలేను.

1970ల్లో ఎర్ల్ ఆంథొనీ అని ఎడమచేతి వాటం ఆటగాడుండేవాడు, 1975లో ఒకే సీజన్‌లో లక్ష డాలర్లు సంపాదించిన మొదటి ప్రొఫెషనల్ బౌలర్. పాత టీవీ ఫైనల్స్ దొరికితే చూడండి, గెలుస్తున్నప్పుడూ ఓడుతున్నప్పుడూ నడక ఒకటే.

రెండు చేతులతో వేస్తే త్వరగా పైకి వెళ్తామా?

రెండు చేతులతో వేసే ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మాంటీ వచ్చాక పిల్లలందరూ అలాగే వేస్తున్నారు, వాళ్ళకి బాగానే వస్తోంది కూడా. తిరుగుడు ఎక్కువ వస్తుంది. కానీ నలభై దాటినవాళ్ళు నడుము సంగతి చూసుకోండి. స్కోరు నిలకడగా లేదని పద్ధతే మార్చేస్తే ఒక సీజన్ పోయినట్టే. పదేళ్ళ పిల్లాడైతే మాత్రం ఎలా ఇష్టమైతే అలా వేయనివ్వండి.

హ్యాండిక్యాప్ ఇస్తారు కదా, యావరేజ్ తక్కువున్నా నష్టమేంటి?

నష్టం లేదు, ఊగితేనే నష్టం. మా లీగ్‌లో 220లోంచి యావరేజ్ తీసేసి మిగిలినదానిలో 90 శాతం ఇస్తారు. 150 వాడికి గేమ్‌కి 63 కలుస్తాయి. ఆ 150 వాడు ప్రతి గేమ్‌లో 145, 155 మధ్య ఆడితే టీమ్ అతని మీద భరోసా పెట్టుకోవచ్చు. ఒకసారి 190, ఒకసారి 110 అయితే ఆ 110 గేమ్‌ని నలుగురూ మోయాలి. యావరేజ్ తక్కువని సిగ్గుపడి లీగ్‌లో చేరనివాళ్ళు చాలామంది ఉన్నారు. హ్యాండిక్యాప్ ఉన్నదే మీకోసం, చేరండి.

కోచ్ దగ్గరికి వెళ్ళాలా?

రెండు మూడు క్లాసులకైనా వెళ్ళండి. యూఎస్‌బీసీ కోచ్‌లకి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని స్థాయిలుంటాయి, లీగ్ ఆటగాడికి బ్రాంజ్ కోచ్ కూడా చాలు. డాలస్ వైపు ఉన్నవాళ్ళకి ఇంకో అదృష్టం, యూఎస్‌బీసీ ప్రధాన కార్యాలయం, శిక్షణ కేంద్రం రెండూ పక్కనే ఆర్లింగ్‌టన్‌లో ఉన్నాయి. కుదరకపోతే పక్కనుంచి, వెనకనుంచి ఫోన్‌తో వీడియో తీయించుకోండి. మనం చేస్తున్నామనుకునేదీ నిజంగా చేసేదీ వేరని మొదటి వీడియోలోనే తెలుస్తుంది.

డిసెంబర్‌లో నెలరోజులు ఇండియా వెళ్తున్నాను. వచ్చాక ఆట పోతుందేమో?

మొదటి వారం పోతుంది, నాకు ప్రతిసారీ పోయింది. వెళ్ళేముందు కెప్టెన్‌కి చెప్పి సబ్‌ని (మీ బదులు ఆడేవాళ్ళని) చూసుకోండి, ముందే వచ్చి ప్రీ-బౌల్ ఆడే అవకాశం ఉందేమో కూడా అడగండి, ఎందుకంటే చాలా లీగుల్లో రానివాళ్ళకి యావరేజ్‌లో 10 తగ్గించి వేస్తారు, అది టీమ్‌కి భారం. అక్కడ ఆడాలని మాల్‌లో వెతుక్కోకండి, అక్కడి లేన్లకీ మీ లీగ్ లేన్లకీ పోలిక ఉండకపోవచ్చు, అత్తారింట్లో అద్దం ముందు రోజూ నడక, ఖాళీ చేత్తో స్వింగ్ ఇరవై సార్లు చేసుకోండి. వచ్చాక బొటనవేలి దగ్గర గట్టిపడిన చర్మం మెత్తబడి ఉంటుంది, వేలు కూడా కాస్త సన్నబడి ఉండొచ్చు, కాబట్టి లీగ్ రోజుకి ముందు ఒకసారి వెళ్ళి టేపు సరిచూసుకోండి. ఆ రోజు రెండు గేములకు మించి ఆడొద్దు, పొక్కు లేస్తే ఇంకో రెండు వారాలు పోతాయి.